చిప్పు పేరు సరిగ్గానే చెప్పింది

నోయిడాలో ఉద్యోగంలో చేరిన మూడో నెల. మా సెట్‌టాప్ బాక్సు బోర్డు మీద ఫ్లాష్ మెమరీ చిప్పు మార్చారు. చిప్పుతో మాట్లాడే డ్రైవర్ ప్రోగ్రాం దాన్ని గుర్తుపట్టేలా చేయడం నా పని. పద్ధతి సులువే. డ్రైవర్ 'నువ్వెవరు?' అని అడుగుతుంది. చిప్పు తన తయారీదారు నంబరు, రకం నంబరు చెబుతుంది. ఆ రకం డ్రైవర్ పట్టికలో లేకపోతే ఒక వరస చేర్చాలి. అందరిలాగే నేనూ పై వరస కాపీ కొట్టి నంబరు, పేరు మార్చాను. తెర మీద చిప్పు పేరు వచ్చింది. చదివిన డేటా మాత్రం అంతా చెత్త.

పేరు వచ్చింది గనక నా పని అయిపోయిందనీ, తప్పు టంకంలోదేననీ చెప్పేశాను. ఆడలేక మద్దెల ఓడనడమంటే అదే. మా ఆఫీసులో టంకం వేసే భయ్యా నాకంటే ఇరవయ్యేళ్లు పెద్ద. చిప్పు ఊడదీసి మళ్లీ అతికించాడు. చెత్తే. ఇంకో బోర్డు చేశాడు. అదీ చెత్తే. మా టీమ్ లీడ్ గుంటూరాయన. నన్ను పక్కకు పిలిచి మెల్లిగా అన్నాడు.

"పెద్దాయనకి చూపు ఆనుతున్నట్టు లేదయ్యా. రేపటి బోర్డు కూడా పోతే వేరేవాణ్ణి చూద్దాం."

నేను తలూపాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మర్నాడు పొద్దున నేనుండే వైశాలి నుంచి వచ్చే షేర్ ఆటోలో కుదురుగా కూర్చోలేకపోయాను. చిప్పు పేరు చెప్పేదీ, డేటా ఇచ్చేదీ అవే ఎనిమిది కాళ్ల మీదుగా. టంకం వదులైతే పేరు ప్రతిసారీ సరిగ్గా ఎలా వస్తోంది? ట్రాఫిక్‌లో ఆటో కదలకపోతే దిగి, ఆఫీసు దాకా దాదాపు పరిగెత్తాను.

పట్టిక తెరవగానే కనబడింది. నేను కాపీ కొట్టిన వరస పాత రకం చిప్పుది. దాని పేజీ, అంటే ఒక్కసారికి చదివే ముక్క, అయిదువందల పన్నెండు బైట్లు. కొత్తదానిది అంతకు నాలుగింతలు. అక్కడ సున్నా పెడితే, పేజీ ఎంతో డ్రైవర్ చిప్పునే అడిగి తెలుసుకుంటుంది. సున్నా పెట్టాను. ఎవరికీ చెప్పలేదు.

భయ్యా ఆ వేళ ఇంటి నుంచి భూతద్దం తెచ్చుకున్నాడు. దాన్ని బల్లదీపానికి కట్టి, మూడో బోర్డు చేసి తెచ్చాడు. మొదటిసారికే నడిచింది. టీమ్ లీడ్ ఆయన భుజం తట్టి వెళ్లిపోయాడు. భయ్యా నా కుర్చీ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"గల్తీ మేరీ హీ థీ, సాబ్. తప్పు నాదే. మీ టైమంతా పాడుచేశాను."

తప్పు ఆయనది కాదు, నాదేనన్న మాట నోటిదాకా వచ్చింది.

"ఠీక్ హై, భయ్యా," అన్నాను.