టేపక్క కొలతలు

రోజూ పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకోగానే, టేపక్క తన కొలతల టేపును చెక్క స్కేలు పక్కన పరిచి చూసుకునేది. గుడ్డ టేపు వాడేకొద్దీ సాగుతుంది. పావంగుళం తేడా వచ్చినా దాన్ని అవతల పడేసి కొత్తది తీసేది. "నేను అబద్ధమాడితే దేవుడు క్షమిస్తాడేమో గానీ, టేపు అబద్ధమాడితే జాకెట్టు క్షమించదు" అని నవ్వేది. వీధి మలుపులో ఇరుకు గది, ఒక కుట్టుమిషను, ఇరవై రెండేళ్ళ పని. ఆమె చేతి కుట్టు లేని ఇల్లు ఆ వీధిలో లేదు.

నలభై మూడో ఏట ఆమె ముఖం గుండ్రమై ఎర్రబడింది. పొట్ట పెరిగింది. ఒకే ఇంట్లో ఉండే వదిన ఊరుకోలేదు.

"నా కళ్ళుగప్పి ఏం తింటున్నావే?"

"గాలి వదినా. అందులోనూ ఉప్పు తక్కువైంది."

మాటలు పడటం ఆమెకు కష్టం కాలేదు, మిషను తొక్కడం కష్టమైంది. తొడల్లో సత్తువ పోయింది. పొట్టి పీట మీంచి లేవాలంటే మిషను బల్ల పట్టుకోవాల్సి వచ్చేది. పక్క కొట్టు ఇస్త్రీ తాత అది కనిపెట్టి, ఏమీ అడగకుండా తన ఎత్తు స్టూలు అక్కడ పెట్టి, ఆ పొట్టి పీట పట్టుకుపోయాడు. కాసేపు కూర్చోవడానికి ఆయనకున్నది ఆ స్టూలొక్కటే.

ఇద్దరు డాక్టర్లు తిండి తగ్గించమన్నారు. తగ్గించింది. ఒళ్ళు తగ్గలేదు. ఇక మిషను మూసేయాల్సి వస్తుందేమోనని టేపక్క మొదటిసారి భయపడింది.

ఆ వారంలోనే తన జాకెట్టు కుట్టుకుందామని కొలతలు తీసుకుంది. నడుము ఏడంగుళాలు పెరిగింది. చేతి చుట్టుకొలత మాత్రం అంగుళన్నర తగ్గింది! టేపును స్కేలు మీద మళ్ళీ పరిచి చూసింది. టేపు సరిగ్గానే ఉంది. పాత కొలతలూ కొత్త కొలతలూ కాగితం మీద రాసుకుని మూడో డాక్టరు దగ్గరికి వెళ్ళింది.

"డాక్టరమ్మా, తిని లావైనవాళ్ళకి చేతులు కూడా బిగుతైపోతాయి. ఇన్నేళ్ళుగా కుట్లు విప్పుతున్నాను, చేతులు బిగించి నడుము వదులు చెయ్యడం నేనెరగను."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. పొట్ట మీది ఊదారంగు చారలు, చేతుల మీది కమిలిన మచ్చలు చూసింది. రోజంతటి మూత్రం పరీక్షకు పంపింది. రాత్రి ఒక మాత్ర వేసుకోమని, పొద్దున రక్తం తీయించింది. తరవాత స్కాన్.

"ఒక్కో మూత్రపిండం మీద టోపీలా చిన్న గ్రంథి ఉంటుందమ్మా. కార్టిసాల్ అనే హార్మోను తయారుచేస్తుంది. ఒంటికి అది కావాలి, కానీ కావలసినంతే. మీకు ఒక పక్క గ్రంథిలో చిన్న గడ్డ పుట్టి, అదుపు లేకుండా తయారుచేస్తోంది. అది ఎక్కువై కండ కరిగిపోతోంది, కొవ్వు పొట్టకీ ముఖానికీ చేరుతోంది. దీన్ని కుషింగ్స్ అంటారు. తప్పు మీ తిండిది కాదు."

"అంటే, ఎవరూ అడక్కుండానే కుట్టేస్తూ పోయే దర్జీ అన్నమాట!"

డాక్టరమ్మ పకపకా నవ్వింది. "ఆ దర్జీని పంపించేద్దాం."

గడ్డ ఉన్న గ్రంథిని తీసేశారు, ఆపరేషన్ చల్లగా జరిగింది. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ వదినే తోడుంది. దేవుడి దయ వల్ల గండం గడిచింది గానీ, రెండో పక్క గ్రంథి ఇన్నాళ్ళూ పని లేక నిద్రపోయింది. అది మేలుకునేదాకా రోజూ పొద్దున్నే ఆ హార్మోను మాత్ర వేసుకోవాలి, ఒక్క రోజు కూడా మరవకూడదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

ఇంటికొచ్చిన రోజు వదిన కళ్ళు తుడుచుకుంటూ అంది: "ఇంకెప్పుడూ నిన్నొక్క మాట అనను, ఒట్టు."

"అయ్యో, కొంప ముంచకు వదినా! నాకు మతిమరుపు. పొద్దున్నే మాత్ర మింగేదాకా నన్ను తిడుతూ ఉండు. ఈ ఒక్క సాయం చెయ్యి. నీ అంత బాగా తిట్టేవాళ్ళు నాకింకెవరున్నారు?"