జనవరి మలేరియా

ఫార్మింగ్టన్ హిల్స్‌కి కాపురానికి రాకముందు ఉష భద్రాచలం ప్రభుత్వాసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. వానాకాలంలో రోజుకు నూరు రక్తపు స్లైడ్లు చూసేది. అమెరికాలో ఆ చదువు చెల్లదన్నారు. కూతురు సంహిత కాలేజీకి వెళ్లాక, నలభై ఎనిమిదో ఏట, దగ్గర్లోని ఒక చిన్న ఊళ్లో చరిత్ర సంఘం వారి పాత కాగితాలు స్కాన్ చేసే పనిలో చేరింది.

ఆ ఊళ్లో మూతపడిన మానసిక వైద్యశాల ఒకటి ఉంది. ఎర్ర ఇటుకల కట్టడం. దాన్ని బాగుచేసి లైబ్రరీగా మారుస్తున్నారు. గుమ్మం పక్కన "యుద్ధకాలంలో వైద్యశాస్త్రానికి సేవ చేసిన భవనం" అని ఫలకం పెట్టాలని సంఘం నిర్ణయించింది.

ఇంతలో దాని నేలమాళిగలో దొరికిన పెట్టెలు ఉష బల్ల మీదికొచ్చాయి. 1944 జనవరి నాటి జ్వరం పట్టికలు. పేర్లకు బదులు నంబర్లు. మూడో కాగితం దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది. రోజు విడిచి రోజు నూట నాలుగుకి ఎగబాకి, మళ్లీ జారిపోతున్న ఆ గీతను ఆమె ఎన్ని వందలసార్లు చూసిందో!

"ఇది మలేరియా," అంది సంఘం అధ్యక్షుడు హ్యారిస్‌తో. "జనవరి మంచులో ఇక్కడ దోమలెక్కడివి? వీళ్లకి కావాలనే ఎక్కించారు."

"ఆ రోజుల్లో కొన్ని జబ్బులకి మలేరియా జ్వరమే వైద్యం, ఉషా," అన్నాడాయన కాస్త నొచ్చుకుని.

అదీ నిజమేనని చదివి తెలుసుకుంది. అయినా మనసొప్పలేదు. ఎనిమిది నెలలు కూర్చుని, ఒక్కో నంబరునీ ఆసుపత్రి రిజిస్టర్లతో సరిపోల్చింది. ముప్పై ఒక్క మంది పేర్లు బయటపడ్డాయి. ఒక్కరికీ ఆ జబ్బుల్లేవు. యుద్ధంలో ఉన్న సైనికుల కోసం తయారవుతున్న మలేరియా మందును పరీక్షించడానికి వాళ్లకు జ్వరం తెప్పించారు. సగం మందికి ఆ మందైనా ఇవ్వలేదు. నలుగురు చనిపోయారు. అడిగి ఒప్పించినట్టు కాగితం ముక్క లేదు.

"మనకెందుకు ఉషా? కాంట్రాక్ట్ రెన్యూ చేయరేమో," అన్నాడు భర్త ఉదయ్.

"కళ్లతో చూసిన రిపోర్ట్‌ని నార్మల్ అని ఎట్లా రాయమంటావ్?"

మీటింగ్‌లో కాగితాలన్నీ వరసగా పరిచింది. హ్యారిస్ ఒక్కొక్కటీ తీసి చదివాడు. చివరికి, "నాదే పొరపాటు," అని ఫలకం మీద వేయించాల్సిన వాక్యాన్ని తన పెన్నుతోనే కొట్టేశాడు. కుటుంబాల ఆచూకీ తీశారు. ఇరవై రెండు కుటుంబాలు ఆ ఫలకం మీద తమవాళ్ల పేరు చెక్కడానికి ఒప్పుకున్నాయి. ప్రారంభోత్సవంలో ఆ పేర్లు ఉషే చదవాలని సంఘం కోరింది.

ఎక్కువ భాగం పోలండ్ పేర్లు. సంహిత సెలవులకి ఇంటికొచ్చింది. వారం పాటు తల్లీకూతుళ్లు యూట్యూబ్‌లో విని సాధన చేశారు. "అమ్మా, నో! వోయ్‌చెహోఫ్‌స్కీ. స్లోగా చెప్పు," అంటూ సంహిత పట్టు వదల్లేదు.

ఆ రోజు ఉష కంచిపట్టు చీర కట్టుకుని మైకు ముందు నిలబడింది. ఒక్క పేరూ తడబడకుండా చదివింది. కార్యక్రమం అయ్యాక, తొంభై ఒక్క ఏళ్ల ముసలావిడ వాకర్ నెట్టుకుంటూ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. చనిపోయిన నలుగురిలో ఒకరి చెల్లెలు.

"మా ఇంట్లో అన్నయ్య పేరు ఎవరూ ఎత్తేవారు కాదమ్మా. పిచ్చివాడని సిగ్గుపడేవారు. ఇవాళ ఇంతమంది లేచి నిలబడి విన్నారు."

ఉష ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టి పక్కనే కూర్చుంది. వెనక సంహిత, ఎదురైన ప్రతివాళ్లకీ, "దట్స్ మై మామ్. షి ఫౌండ్ దెమ్," అని చెప్పుకుంటూ తిరుగుతోంది.