గొంతు పోయిన గాయని, మా ఇద్దరి వాదన

టర్కీ పాప్ గాయని ఒకావిడ గురించి యాప్రాల్‌లో ఇద్దరు ఆడవాళ్లు వారాల తరబడి పోట్లాడుకున్నారంటే ఎవరూ నమ్మరు. ఒకరు నేను, రెండో ఆమె మా ఎదురు ఫ్లాట్ స్నేహితురాలు. మాది విజయనగరం, ఆమెది సిద్దిపేట వైపు ముస్లిం కుటుంబం. ఉర్దూలో వచ్చే టర్కీ సీరియళ్లు ఆమె నాకు అంటించిన జబ్బు. వాటి వెంటపడి ఫోన్‌లో ఆ గాయనిని కనిపెట్టింది మాత్రం నేను.

ఏం మనిషి! వయసులో ఉన్నప్పుడు కోడిపుంజును చంకనేసుకుని స్టేజీ ఎక్కేది. ఒక పాటంతా నీళ్లు లేని స్నానాల తొట్టిలో పడుకుని పాడింది. పత్రికలు పిచ్చిదన్నాయి, జనం ఎగబడ్డారు. తర్వాత గొంతుకు ఆపరేషన్ అయి మాయమైంది. జుట్టు నెరిశాక, మామూలు నల్ల గౌనులో, గరగరలాడే గొంతుతో మళ్లీ వచ్చింది. ఏ వేషమూ లేకుండా స్టేజీ ఎక్కడమే ఆమె చేసిన అన్నిటికన్నా పెద్ద వింత అని నాకనిపించింది.

నా స్నేహితురాలికి థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత గొంతు బొంగురుపోయింది. అంతకుముందు వాళ్లింట్లో పెళ్లంటే ఆమె పాటే. పెళ్లికూతురికి పసుపు పెట్టే మాంఝా రోజున ఆడవాళ్లు ఢోలక్ చుట్టూ చేరి, అవతలి పక్షాన్ని పాటలతో దులిపేస్తారు. ఇప్పుడు మౌలాలిలో ఆమె అన్న కూతురి పెళ్లి. పిల్ల ఏడుస్తూ బతిమాలినా ఈవిడ పాడనంది.

"ఈమె పాడటం లేదా?" అని ఫోన్‌లో ఆ గాయని వీడియో తీసి ఆమె ముక్కు కింద పెట్టాను.

"ఆమెకేంది అక్కా, టికెట్ కొని వచ్చినోళ్లు చప్పట్లు కొడ్తరు. నా ముంగట కూసునేది మా ఆడబిడ్డలు. జెర గొంతు జీరపోతే మల్ల పెళ్లి దాంక నవ్వుతరు."

"నవ్వనీ. ఇన్నేళ్లూ నువ్వు ఎవరిని వదిలావు?"

"చెప్పుడు అల్కనే. నువ్వు పాడితే వాచ్‌మన్ సుత గేటు వదిలి ఉరుకుతడు."

తీరా ఒక సాయంత్రం తనే ఫోన్ పట్టుకుని వచ్చింది. "ధైర్యం, ధైర్యం అని మొత్తుకుంటున్నవు గానీ, మంచిగ చూసినవా? పాట పైకి పోయే కాడ ఆమె పాడుతనే లేదు. మైకు జనం దిక్కు తిప్పుతుంది."

నిజమే. "అయితే అది మోసం కదా!" అన్నాను, వాదన రుచిలో నా పక్షాన్ని నేనే ఓడగొట్టుకుంటూ.

"మోసమెట్లయితది? మా పాటలు సుత ఒకరు షురూ చేస్తే అందరు అందుకోవాలె. నేనే ఇన్నొద్దులు ఎవ్వర్ని అందుకోనియ్యలే."

మాంఝా రోజు నా స్నేహితురాలే ఢోలక్ ముందు కూర్చుని కింది స్థాయిలో పాట ఎత్తుకుంది. గొంతు గరుకుగా వచ్చింది. మగపెళ్లివారి పెద్దావిడ వెంటనే అందుకుంది: "ఏందమ్మా, పిల్ల మేనత్త పాడుతదనుకుంటే మేనమామను కూసోబెట్టిన్రు?"

గది గొల్లుమంది. నా స్నేహితురాలు దరువు తప్పకుండా ఆ మాటనే పాటలోకి లాగింది: "మేనమామనే వచ్చిన, వియ్యపురాలా, కొంగు జెర సర్దుకో!" పెద్దావిడే ముందుగా పడిపడి నవ్వింది. పైస్థాయి చరణాన్ని చుట్టూ ఉన్న ఆడపిల్లలు అందుకున్నారు.

మూడో పాటకు దగ్గొచ్చి ఆమె ఆగింది. పాట ఆగలేదు. తను ఎప్పుడూ ఒక్కతే అందుకునే పైస్థాయిని ఆ పిల్లలు గట్టిగా, కొంచెం అపశ్రుతిగా లాక్కుపోతుంటే, ఢోలక్ వాయిస్తూ వాళ్ల నోళ్లకేసి చూస్తోంది. అది సంతోషమో దిగులో నాకు అర్థం కాలేదు. పెళ్లికూతురు మాత్రం పసుపు చెంపలతో మేనత్త మోకాలికి ఆనుకుని, అందరికన్నా గట్టిగా పాడుతోంది.