ముఖం వద్దన్న మనిషి

కువైట్‌లోని అబూ హలీఫాలో ఒక ఫోటో స్టూడియోలో పని చేసేవాణ్ణి. ఇఖామా అనే నివాస కార్డుకి, పాస్‌పోర్టుకి, లైసెన్సుకి కావలసిన ఫోటోలు తీయడమే రోజంతా నా పని. తెల్ల తెర ముందు కూర్చోబెట్టడం, గడ్డం కాస్త ఎత్తమనడం, నవ్వొద్దనడం. ఎంతమంది వచ్చినా నాతో పది మాటలు మాట్లాడినవాళ్ళు లేరు. గదిలో ఉండే ముగ్గురివీ వేరే వేళల డ్యూటీలు. శుక్రవారం పొద్దున మాత్రం స్టూడియో తెరవం. అప్పుడు పాత కెమెరా ఒకటి భుజాన వేసుకుని, బస్సెక్కి, షర్క్ చేపల మార్కెట్ వెనకాల పడవలు ఆగే చోటికి పోయేవాణ్ణి.

మాది కడప జిల్లా. కువైట్ వచ్చేదాకా సముద్రం చూడలేదు. అద్దాల మేడలకి కూతవేటు దూరంలో మనుషులు ఇంకా చేత్తో వలలు కుట్టుకుంటున్నారంటే మొదట్లో వింతగా ఉండేది. లాంచీల మీద ఈజిప్టువాళ్ళు, గుజరాతీలు, తమిళులు. నేను వాళ్ళని ఫోటోలు తీసేవాణ్ణి. వాళ్ళు ఒకసారి చూసి పనిలో పడిపోయేవాళ్ళు.

ఒకరోజు ఒక లాంచీ మీంచి తెలుగులో తిట్లు వినిపించాయి. వల చిక్కుపడిందని ఒకాయన వలనే తిడుతున్నాడు.

"ఏ ఊరన్నా మనది?" అని అరిచాను.

తలెత్తి చూసి నవ్వాడు. "కోనసీమండి! రండి, టీ తాగుదురుగాని."

అలా మొదలైంది. ఫోటోలు తీసుకోమన్నాడు గానీ ఒక షరతు పెట్టాడు. "సేతులు తీసుకోండి, ఈపు తీసుకోండి. మొకం మాత్రం వద్దండి."

ఎందుకని అడిగితే వెంటనే చెప్పలేదు. రెండో గ్లాసు టీ అయ్యాక చెప్పాడు. "మా తమ్ముడు సముద్రంలో ఏటకెళ్ళి తిరిగి రాలేదండి. అప్పుడు మా ఆవిడ, పిల్ల నెత్తి మీద నా సెయ్యెట్టించి ఒట్టేయించుకుంది, ఇంక పడవెక్కనని. ఇక్కడికొచ్చాక, వీసా ఇచ్చిన కఫీల్ లాంచీ ఎక్కమన్నాడు. నాకు తెలిసిన పనీ అదే. ఇంటికి మాత్రం ఐసు గోడౌన్లో పనని సెప్పేను."

ఆ చలికాలమంతా ఆయన చేతుల్నీ వీపునీ తీశాను. ఆ శుక్రవారాల కోసమే వారమంతా గడిపేవాణ్ణి.

ఒక పొద్దున, రెండు రోజుల గాలి తర్వాత ఆయన లాంచీ తిరిగొచ్చింది. చేపలు పట్టే తీగ బోనుని పట్టుకుని ముందు భాగంలో నిలబడి ఒడ్డు వైపు చూస్తున్నాడు. ఒడ్డు నిజంగా అక్కడే ఉందా అన్నట్టుంది ఆ చూపు. నా వేలు ఆగలేదు. ఆయన గమనించలేదు. నేను చెప్పలేదు.

తర్వాత ఇక్కడి తెలుగువాళ్ళ సంఘం ఒకటి ఫోటోల ప్రదర్శన పెట్టి, తలా ఒక ఫోటో ఇమ్మంది. నేను ఆ ముఖమే ఇచ్చాను. ఎవరు గుర్తుపడతారులే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. జనం దాని ముందు చాలాసేపు నిలబడ్డారు. ముక్కూమొహం తెలియనివాళ్ళు నా చేయి పట్టుకుని ఊపారు. ఆ సాయంత్రం నాకు ఎంత బాగుందో దాచుకోను.

ఎవరో దాన్ని, కింద రాసిన నా పేరూ స్టూడియో పేరూ సహా, ఫోన్లో తీసి కోనసీమవాళ్ళ గ్రూపులో పెట్టారు. నాలుగు రోజులకి స్టూడియోకి ఫోనొచ్చింది. ఆడమనిషి గొంతు.

"బాబూ, ఆ సముద్రం ఫోటో తీసింది మీరేనా అండి?"

"నేనే."

"అది మా ఆయనే కదండి?"

అబద్ధం చెప్పొచ్చు. నోరు రాలేదు. "అవును వదినా."

"ఎన్నాళ్ళబట్టి ఎల్తన్నాడండి?"

"నాకు తెలిసి ఈ చలికాలమంతా పోతాండాడు."

"సిక్కిపోయాడు," అని పెట్టేసింది.

శుక్రవారం వెళ్ళేసరికి ఆయన వల కుడుతున్నాడు. తలెత్తలేదు. "నన్నడక్కుండా ఎందుకిచ్చారండి?"

"అడిగితే వద్దంటావని, అన్నా."

సూది ఒక్క క్షణం ఆగింది. "ఆవిడ ఫోనెత్తట్లేదండి. పిల్ల ఎత్తి, అమ్మ వంటింట్లో ఉందంటది." దారం పంటితో కొరికి తర్వాతి చిరుగు పట్టుకున్నాడు. నేను కాసేపు నిలబడి వచ్చేశాను. పక్కనే టీ ఫ్లాస్కు ఉంది. ఆయన దాని మూత తీయలేదు.

ఎండాకాలానికి ఆ లాంచీలో ఆయన లేడు. భార్య పట్టుబట్టిందని, కఫీల్‌ని బతిమాలి మార్కెట్లో ఐసు కొట్టే పనికి మారాడని తోటి తమిళాయన హిందీలో చెప్పాడు. మంచిదే అనుకున్నాను. అయినా ఆ రోజు కెమెరా సంచీలోంచి బయటికి తీయబుద్ధి కాలేదు.

మొన్నీమధ్య ధైర్యం చేసి మార్కెట్ లోపలికి వెళ్ళాను. చేప కొని, ఐసు వేయించుకునే వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చింది.

"ఎట్లుండావన్నా?"

"బానే ఉన్నానండి. ఆవిడకి రాత్రుళ్ళు నిద్దర పడతంది." గరిటెడు ఐసు ఎక్కువే వేసి సంచీ ముడేశాడు. ఇంకో మాట అంటాడేమోనని నిలబడ్డాను.

ఆయన నా వెనకాలి మనిషి కేసి చూశాడు. నేను పక్కకి జరిగాను.