ఒకే ప్రమాదం, ఏడు దావాలు

సెలీనా నమల్వా బుంగోమా పట్నం వెళ్లే రోడ్డు మలుపులో మొక్కజొన్న కంకులు కాల్చి అమ్మేది. ఒకనాడు పొద్దుగూకే వేళ చెరకు లోడుతో వెళుతున్న ట్రాక్టరు ఆమె పొయ్యికి ఎదురుగా చెడిపోయి రోడ్డు మీదే ఆగిపోయింది. వచ్చే బళ్లకు ముందే తెలిసేలా కొమ్మలు నరికి వెనకాల దూరంగా వెయ్యమని డ్రైవరుకు ఆమే చెప్పింది. అతను రెండంటే రెండు కొమ్మలు వేశాడు, అవీ చక్రాల దగ్గరే. ఇంతలో జనంతో కిక్కిరిసిన వ్యాను ఒకటి జోరుగా వచ్చి ట్రాక్టరు వెనక ఉన్న ట్రెయిలరును గుద్దింది. ముగ్గురు చనిపోయారు. నలుగురు బాగా దెబ్బతిన్నారు.

రెండు బళ్లతోనూ సంబంధం లేకుండా దగ్గర నుంచి చూసింది సెలీనా ఒక్కతే. తప్పు ట్రాక్టరుదా, వ్యానుదా అన్నదే అందరి తగాదా. అయినా చనిపోయినవాళ్ల కుటుంబాలూ దెబ్బతిన్నవాళ్లూ ఎవరి వకీలును వాళ్లు పెట్టుకుని ఏడు దావాలు వేశారు. ఏడింటిలోనూ సాక్షి ఆమే. సమన్లు వచ్చినప్పుడల్లా పొయ్యి ఆర్పేసి పట్నం వెళ్లి, కోర్టు వరండాలో బల్ల మీద కూర్చునేది. సగం రోజులు వాయిదా పడిందని చెప్పి పంపేసేవారు.

మొదటి దావాలో ఆమె చెప్పింది విని, తప్పు ట్రాక్టరుదే అన్నారు. రెండో దావా వబొంబా అనే పెద్దాయనది. ప్రమాదంలో ఆయన కుడిచెయ్యి పనికిరాకుండా పోయింది. ఆయన ట్రాక్టరు యజమాని ఒక్కడి మీదే దావా వేశాడు. అది వేరే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లింది. సెలీనా అదే సంగతి చెప్పింది. ఆ మేజిస్ట్రేటు మాత్రం తప్పంతా వ్యాను డ్రైవరుదే అని దావా కొట్టేశాడు.

బయటికి వచ్చాక వబొంబా ఆమెను నిలేశాడు.

"నీ మాట ఆ గదిలో నిజమై ఈ గదిలో అబద్ధం ఎట్లా అయింది, సెలీనా?"

ఆ వారమంతా సెలీనాకు అన్నం సయించలేదు.

మూడో దావా చెప్‌కెమోయ్ అనే మేజిస్ట్రేటు ముందుకు వచ్చింది. ట్రాక్టరు యజమాని వకీలు ఆమె పాత సాక్ష్యాల కాగితాలు తిరగేసి, ఒకచోట కొమ్మలు చక్రాల పక్కన అన్నావు, ఇంకోచోట రెండు అడుగుల దూరం అన్నావు, ఏది అబద్ధమని నిలదీశాడు. సెలీనా అతని వైపు చూడలేదు. మేజిస్ట్రేటు వైపు తిరిగింది.

"అమ్మా, నేను చూసింది ఒక్కసారే. చెప్పమనేది ఏడుసార్లు. చూసింది మారలేదు, చెప్పేటప్పుడు మాట కాస్త అటూ ఇటూ అవుతుంది. అందరినీ ఒకచోట కూర్చోబెట్టి ఒక్కసారి అడగండి. వాళ్లందరి ముందే చెబుతాను."

వకీలు నవ్వాడు. చెప్‌కెమోయ్ నవ్వలేదు. ఇంకా తేలని ఐదు దావాల ఫైళ్లూ తెప్పించి, వకీళ్లందరినీ పిలిపించింది. ఒకాయన తన కేసు విచారణకు సిద్ధంగా ఉందని, మిగతావాళ్ల కోసం ఆగితే ఆలస్యమవుతుందని అడ్డం చెప్పాడు. ట్రాక్టరు యజమాని తన ట్రాక్టరు రిపేరు సరిగా చెయ్యని మెకానిక్ మీద వేసిన దావాను కూడా ఇందులోనే కలపమని అడిగాడు.

అందరి మాటా విని మేజిస్ట్రేటు తేల్చి చెప్పింది. ప్రమాదం ఒకటే, సాక్షి ఒకరే, తేలాల్సిన ప్రశ్న ఒకటే కాబట్టి తప్పెవరిదన్నది ఐదింటికీ కలిపి ఒకే విచారణలో తేలుతుంది. వేర్వేరుగా వింటే తీర్పులు ఒకదానికొకటి పొసగకుండా పోతాయి, ఇప్పటికే పోయాయి కూడా. ఎవరి దెబ్బలు వాళ్లవి కాబట్టి నష్టపరిహారం ఎవరిది వాళ్లకే విడిగా. మెకానిక్ గొడవ ట్రాక్టరు యజమానికీ మెకానిక్‌కీ మధ్య ఒప్పందం సంగతి, ప్రయాణికులను అందులోకి లాగడం అన్యాయం. అది వేరుగానే నడుస్తుంది.

విచారణ రోజున సెలీనా పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడింది. వకీళ్లందరూ ఒకరి తర్వాత ఒకరు అడిగారు. ట్రాక్టరు తప్పు ఎక్కువ, వ్యాను తప్పు కొంత అని తీర్పు వచ్చింది. ఐదు కుటుంబాలకూ అదే వర్తించింది.

వబొంబా దావా మాత్రం అప్పటికే ముగిసిపోయింది. ఆయన పై కోర్టుకు వెళ్లాడు. అక్కడ పనికొస్తుందని కొత్త తీర్పు నకలు తీసుకుని సెలీనాయే ఆయన ఇంటికి వెళ్లింది. ఆయన దాన్ని ఎడమచేత్తో అందుకుని, చదవడం రాక, పక్కన పెట్టాడు.

"నిన్ను మళ్లీ పిలుస్తారేమో," అన్నాడు.

"పిలిస్తే వస్తాను, బాబాయ్," అంది సెలీనా.