నాన్న బాణం ములుకులు

నాన్న పోయిన రెండేళ్లకు మధురవాడలో ఇల్లు మారుతుంటే, ఆయన రేకుపెట్టెలో నాలుగు బాణం ములుకులు దొరికాయి. పోర్టులో కలాసీ పనికి కొండ దిగి వచ్చినప్పుడు వెంట తెచ్చుకున్నవి. వేటలో వెదురు పుల్ల విరిగినా మావాళ్లు ములుకును పారేయరు. జంతువు ఒంట్లోంచి తీసి, కడిగి, కొత్త పుల్లకు బిగిస్తారు.

నాన్న ఏడాదికోసారి వాటిని చింతపండు గుజ్జు, బూడిద కలిపి కొబ్బరి పీచుతో తోమేవాడు. ఆముదం రాసి పాత పంచె ముక్కలో చుట్టేవాడు. వన్ టౌన్‌లో మా అద్దె ఇంటి అరుగు మీద ఆయన ఆ పనిలో ఉంటే నాకు సిగ్గేసేది.

"ఈ ఊళ్లో ఎవుర్ని కొడతావు నాన్నా?" అని వెక్కిరించేవాణ్ణి.

"తుప్పట్టనిత్తే మా అయ్య తిడతాడ్రా," అనేవాడు. తాత పోయి అప్పటికే ఇరవై ఏళ్లు. ఇప్పుడు ఆ అరుగు మీద ఆయన పక్కన ఒక్క పూట కూర్చోవాలని ఎంతగా ఉంటుందో చెప్పలేను.

మొన్న చైత్రంలో, కొండ మీద మా ఊళ్లో జరిగే వేట పండగ, ఇటుకల పండక్కి వాటిని తీసుకెళ్దామనుకున్నాను. ఇప్పుడు వేట లేదు, చెట్టుకు గుమ్మడికాయ కట్టి కొడతారు. కాయలో దిగిన బాణాన్ని చిన్నాన్న పీకి, ములుకును బొటనవేలితో తడిమి, అది ఎవరిదో వాళ్ల పేరు ఊరంతా వినేలా కేకేస్తాడు. మనిషి ఉన్నా పోయినా, మామూలుగా పేరు పెట్టి పిలవని సొంత అన్నే అయినా, ఆ రోజు పేరు పిలవాల్సిందే. ఎలా పోల్చుకుంటాడో నేనెప్పుడూ అడగలేదు.

నాన్న పేరు ఒక్కసారి అలా వినాలని నా ఆశ. మా ఇంట్లో ఆ పేరు పలికినవాళ్లే లేరు. అమ్మ మొగుడి పేరు ఎత్తేది కాదు. నాకు ఆయన ఎప్పుడూ నాన్నే.

నేను స్టీల్ ప్లాంటులో ఫిట్టర్‌ని. ఇనుముతోనే బతికేవాడికి చింతపండూ బూడిదా ఏమిటి, నామోషీ! స్నేహితుడి షెడ్డుకు తీసుకెళ్లి గ్రైండర్‌కు పట్టించాను. తుప్పు పోయింది. ఒక్కోదాని అంచున చిన్న చిన్న గాట్లుంటే, దెబ్బలు కాబోలనుకుని వాటినీ నున్నగా చేసేశాను.

"కొత్తయి కొన్నట్టున్నాయి బావా," అన్నాడు స్నేహితుడు. నేను మురిసిపోయాను.

పండగనాడు వాటిని కొత్త పుల్లలకు బిగించి వేశాను. మూడు ఎటు పోయాయో ఆ కొండకే తెలియాలి. నాలుగోది గుమ్మడికాయలో దిగింది.

చిన్నాన్న బాణం పీకి ములుకును తడిమాడు. తిప్పి మళ్లీ తడిమాడు.

"ఎవుడిదిరా ఇది? గాట్లు నేవు."

"నాన్నదే సిన్నాన్నా."

"మీ నాన్నదైతే మూడు గాట్లుండాల. మీ తాత నా కళ్లముందే కొట్టినాడు."

గ్రైండర్ సంగతి చెప్పాను. వినాయకుణ్ణి చేయబోయి కోతిని చేశానని అప్పటికి అర్థమైంది. చిన్నాన్న తిట్టలేదు. తిడితే బాగుండేది.

"నాను మళ్లీ కొట్టీనా, మూడూ?"

"నువ్వు కొడితే నీ గుర్తవుద్ది నాయనా. వచ్చే ఏడు నీ పేరే పిలుత్తాను."

"నాకు నా పేరొద్దు సిన్నాన్నా," అన్నాను.

ఆయన ములుకును నా అరచేతిలో పెట్టి, తర్వాతి బాణం పీకాడు. ఎవరి తాత పేరో కేకేశాడు. అంతా ఈలలు వేశారు. నాన్న పేరు నా నాలుక చివరిదాకా వచ్చింది. పిలవడానికి నోరు రాలేదు.