గడి దాటిన అక్షరం

మా హెడ్ గుమాస్తా గారు పోయారని నాకు చెప్పింది ఆఫీసు కాదు. ఆయన రోజూ హనుమాన్ జంక్షన్‌లో ఎక్కి వచ్చే బస్సు కండక్టరు. "మీ పెద్దాయన ఇంక రారండీ. నిన్న పొద్దున పోయారు," అన్నాడు, టిక్కెట్లు సర్దుకుంటూ. ఆఫీసుకి ఆ కబురు మధ్యాహ్నానికి గానీ చేరలేదు.

ఉప్పెన తరువాతి సంవత్సరం నేను ఆ ఆఫీసులో చేరాను. ఇళ్ళ కోసం దివిసీమ జనం పెట్టుకున్న అర్జీలు గోనె సంచుల్లో ఉండేవి. ఒక్కో అర్జీలోంచి ఊరూ పేరూ ఏరి, గళ్ళ కాగితం మీద గడికొక ఇంగ్లీషు అక్షరం చొప్పున రాసి, హైదరాబాదులో ఉన్న కంప్యూటరుకి పంపాలి. కాన్వెంటులో చదివానని నన్ను తీసుకున్నారు.

ప్రతి అర్జీ పూర్తిగా చదివితే పని తెమలదని హెడ్ గుమాస్తా గారు ఒక పద్ధతి పెట్టారు. ఫలానా ఊరి కాపురస్తుడు, ఫలానా వారి కుమారుడు, ఫలానా వ్రాసుకున్న అర్జీ. అన్నీ ఇదే బాణీ. "కుమారుడు" కింద ఎర్ర గీత, "వ్రాసుకున్న" కింద నీలం గీత. మధ్యన ఉన్నదే పేరు. ఆడవాళ్ళదైతే ఎర్ర గీత "భార్య" కింద. "రెండు వైపులా నొక్కి పట్టుకో అమ్మాయ్, చింతపిక్కలా అదే బయటికొస్తుంది," అనేవారు. ఆ మాటలు లేక గీతలు పడని అర్జీకి పేరు గళ్ళు ఖాళీగా వదిలెయ్యాలి.

ఆయన రాసే ఆర్ అక్షరం కాలు ఎప్పుడూ పక్క గడిలోకి పోయేది.

"గడి దాటిందండీ."

"పోనీలే, దానికి నడవాలనుంది."

ఒక సంచిలో సముద్రపు ఒడ్డు పల్లె అర్జీలు వచ్చాయి. అన్నీ అక్కడి చర్చి ఉపదేశి రాసిపెట్టినవే. ముందు ప్రభువుకి స్తోత్రం, తరువాత ఇంట్లో ఎవరెవరు కొట్టుకుపోయారో, అడుగున ఎక్కడో పేరు. మా నాన్న ఉత్తరాలూ అలాగే ఉంటాయి. పేరు ఎక్కడుందో నాకు చూడగానే తెలిసింది. గీతలు పడలేదు గనుక గళ్ళు ఖాళీగా వదిలాను. మూడు రోజులు అలాగే వదిలాను. నింపిన కాగితాలు హైదరాబాదు వెళ్ళాక ఆయనకి చెప్పాను.

"ఇన్నాళ్ళూ ఎందుకు ఊరుకున్నావు?"

"మీరు పెట్టిన పద్ధతి కదండీ."

ఆయన కళ్ళజోడు తీశారు. "పద్ధతి నాది అమ్మాయ్. ఇల్లు వాళ్ళది."

నన్ను వెంటబెట్టుకుని ఆఫీసరు గారి గదికి వెళ్ళారు. ఆఫీసరు గారు తల ఎత్తలేదు.

"పేరు లేనిది అర్జీ ఎలా అవుతుందండీ?"

"పేరు ఉందండీ. మనం చూడలేదు."

"గళ్ళ కాగితంలో లేదుగా."

హెడ్ గుమాస్తా గారు ఆ అర్జీలన్నీ మొదటి నుంచి చివరిదాకా చదివి, కొత్త కాగితాలు తన చేత్తోనే నింపి పంపారు. గడువు దాటిందన్న ముద్రతో అవి తిరిగివచ్చాయి. అనుమతి లేకుండా పంపినందుకు ఆయనకి మెమో ఇచ్చారు. గళ్ళు ఖాళీగా వదిలింది తానేనని జవాబు రాశారు. నా పేరు ఎక్కడా రానివ్వలేదు. ఆ పల్లెకి ఇళ్ళు రాలేదు. చింతపిక్క మాట ఆయన మళ్ళీ అనలేదు.

సంతాప సభలో ఆఫీసరు గారు, ఆయన పనిలో ఒక్క తప్పు దొర్లేది కాదన్నారు. "నువ్వూ రెండు మాటలు చెప్పమ్మా," అన్నారు నాతో. మళ్ళీ ఊరుకున్నాను.

తరువాత టీ, పకోడీలు. పొట్లం విప్పితే కాగితం నిండా గళ్ళు. తిరిగివచ్చిన కాగితాలను ఎప్పుడో తూకానికి అమ్మేశారట. పకోడీలు పక్కన పెట్టి కాగితం సాపు చేశాను. మరియమ్మ. గడికొక అక్షరం, ఆయన చేతిరాత. నూనె ఒక్కో గడీ నింపుకుంటూ వస్తోంది. ఆర్ కాలు మాత్రం ఇంకా పక్క గడిలోకి నడుస్తూనే ఉంది.